నటికి పారితోషికం, అండమానీకి పేరు కూడా లేదు

ఇవాళ సినిమా తారల ఫొటోలు ఫోన్లో దాచుకున్నట్టే, విక్టోరియా కాలంలో రంగస్థల నటుల ఫొటోలు కొని ఆల్బమ్‌లలో దాచుకునేవారు. ఈ వ్యాపారానికి దారి వేసింది ప్యారిస్ ఫొటోగ్రాఫర్ డిస్డెరీ. ఒకే గాజు పలక మీద పలు బొమ్మలు తీసే పద్ధతికి 1854లో పేటెంట్ తీసుకున్నాడు. విజిటింగ్ కార్డంత అట్టపై అంటించేవారు కాబట్టి ఆ ఫొటోలను 'కార్ట్ ద విజిట్' అన్నారు. తర్వాత కాస్త పెద్దవైన క్యాబినెట్ కార్డులు వచ్చాయి.

నటులకు ఇది ఉచిత ప్రచారమే కాదు, ఆదాయం కూడా. న్యూయార్క్‌లో నెపోలియన్ సరోనీ అనే ఫొటోగ్రాఫర్, సారా బెర్న్‌హార్ట్ తన కెమెరా ముందు కూర్చోవడానికి 1,500 డాలర్లు చెల్లించాడని చెబుతారు. ఏ దుస్తులు, ఏ భంగిమ అన్నదాంట్లో నటికీ మాట ఉండేది. కార్డు అమ్ముడుపోయేదే ఆమె పేరు మీద.

అదే కాలంలో, అదే తరహా స్టూడియోలో తీసిన మరో ఫొటో ఉంది. 1865లో కొందరు అండమాన్ ఆదివాసులను కలకత్తా తీసుకొచ్చారు. సాషే అండ్ వెస్ట్‌ఫీల్డ్ స్టూడియో వారి బృందాన్ని ఫొటో తీసింది. వెంట ఉన్న బ్రిటిష్ అధికారి హోంఫ్రే పేరు ఆ ఫొటో శీర్షికలో ఉంది. ఆయనను వారి 'కీపర్' అన్నారు. జంతుప్రదర్శనశాలల్లో వాడే మాట అది. ఆదివాసుల్లో ఒక్కరి పేరూ శీర్షికలో లేదు.

కెమెరా ఒకటే, మారింది ఎదుట ఉన్నవారి హక్కు. నటి వేషం తన వృత్తి. అండమానీలకు మాత్రం చూసేవారే ఒక వేషం తగిలించారు, 'ఆటవికులు' అని. 1890లలో అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ బ్రిటిష్ మ్యూజియం కోసం వందలాది ఫొటోలు తీశాడు. కొన్నింటిలో మనుషులను గళ్ల తెర ముందు నిలబెట్టాడు, శరీర కొలతలు తీయడానికి.

ఈ ఫొటోలు పెరుగుతుంటే మనుషులు తగ్గిపోయారు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల కాలనీ వచ్చాక గ్రేట్ అండమానీలను కొత్త రోగాలు కమ్మేశాయి. 1877లో తట్టు విరుచుకుపడింది. 1901 జనాభా లెక్కల్లో మిగిలింది 625 మందే.

ఇది గతించిన ముచ్చట కాదు. జారవాలను పర్యాటకుల ముందు నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడింది. ఆదివాసుల రక్షణకు 1956 నుంచే నిబంధన ఉంది. 2012లో దాన్ని కఠినం చేశారు. రక్షిత ప్రాంతంలోకి చొరబడి ఫొటోలు తీయడం ఇప్పుడు శిక్షార్హం.

పాత అండమాన్ ఫొటో కనిపిస్తే ముందు దాని కింది శీర్షిక చదవండి. అందులో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు? అక్కడ తెలిసిపోతుంది, ఆ ఫొటో ఎవరి కోసం తీశారో.