అయిదు చుక్కలు, తల్లిపాలు

హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు బాటలో శామీర్‌పేట చెరువు నెరుగనివారు అరుదు. బడిపిల్లలను అచటి జింకల వనమునకు తీసికొనిపోని ఉపాధ్యాయులును అరుదే. చెరువు దాటి ఉత్తరముగా పోయినచో తుర్కపల్లి వచ్చును. పడమటనున్న మేడ్చల్ సీమ ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడినది; ఇప్పుడీ ప్రాంతమున టీకామందుల కర్మాగారములు వెలసినవి. తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేయు ‘రోటావాక్’ అను మందు పసిబిడ్డ నోటిలో అయిదు చుక్కలుగా పడును.

ఆ చుక్కల కథ ఒక పసికందుతోనే మొదలైనది. చంటిపిల్లలకు నీళ్లవిరేచనములు కలిగించు రోటావైరసును 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్, ఆమె సహచరులు కనుగొనిరి. సూక్ష్మదర్శినిలో బండిచక్రమువలె కనిపించుటచే, లాటినులో చక్రమని అర్థమిచ్చు ‘రోటా’ దానికి పేరైనది. 1985 ప్రాంతమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మహారాజ్ కిషన్ భాన్ బృందము ఒక వింతను గమనించినది. అచట పుట్టిన కొందరు శిశువులకు ఈ వైరసు సోకినను విరేచనములు లేవు. అటుపిమ్మటను ఆ జబ్బు వారిని తీవ్రముగా బాధింపలేదు. ఆ వైరసులోని పదునొకండు జన్యుఖండములలో ఒకటి పశువుల వైరసునుండి వచ్చినదని తరువాత తేలినది. దానినే టీకాగా మలచి, ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులతో పరీక్ష జరిపి, 2015 మార్చిలో విడుదల చేసిరి. 2016లో రోటావైరసు టీకా ప్రభుత్వపు పట్టికలో చేరినది. 2019 నాటికి దేశమంతట వ్యాపించినది. ఆరు, పది, పదునాలుగు వారముల వయసున దీనిని వేయుదురు.

అయితే ఇది వజ్రకవచము కాదు. తీవ్రమైన రోటావిరేచనములను మొదటి ఏట నూటికి 56 వంతున తగ్గించినదని ఆ పరీక్ష తెల్పినది. తక్కిన భారము తల్లిపాలమీదను, ఇంటి శుభ్రతమీదను ఉన్నది. తల్లిపాలలోని రోగనిరోధక పదార్థములు టీకాను చెరుపునేమో యని కొందరు శాస్త్రజ్ఞులకు సందేహము కలిగినది. ఢిల్లీలో చుక్కలకు అరగంట ముందును, అరగంట వెనుకను పాలు ఆపి చూచిరి. ఆపినందువలన అదనపు మేలేదియు కన్పట్టలేదు. కనుక బిడ్డ టీకాకు ముందైనను, తరువాతనైనను పాలు త్రాగవచ్చును.

ఇంటిలోని ఆటంకములు వేరు. గేదె ఈనినచో తొలిపాలతో జున్ను వండి ఇరుగుపొరుగులకు పంచిపెట్టువారే, బాలింత ముర్రుపాలను పిండి పారబోయించుట ఎంత విడ్డూరము! ఉగ్గుపాలతో అబ్బిన విద్య అను పలుకుబడి భాషలో నిలువనిండు. ఆముదము కలిపిన ఉగ్గు మాత్రము ఉయ్యాలకు దూరముగా నుండవలెను. వేసవి రాగానే “నోరెండిపోవును” అని పెద్దలు చెంచాతో నీళ్లు పోయుదురు. అది ప్రేమయే. కాని తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీరే. ఆరునెలలు నిండువరకు వేరు నీరు అక్కరలేదు. ఆ చెంచెడు నీటితో క్రిములు లోపలికి పోవును, చిన్నపొట్ట నిండును, బిడ్డ పాలు తక్కువగా చీకును. చీకుట తగ్గినకొలది పాలును తగ్గును.

అప్పుడు “పాలు చాలుటలేదు” అను మాట పుట్టును. ఏడ్పు దానికి కొలత కాదు, త్రాసు కొలత. పుట్టిన కొద్దిదినములలో తూకము కొంత తగ్గుట సహజము. రెండు వారములలో అది మరల వచ్చును. అయిదారు నెలలకు పుట్టునాటి తూకము రెట్టింపగును.

2017లో ఉద్యోగినుల ప్రసూతి సెలవు 26 వారములకు పెరిగినది; అనగా ఆరునెలలే. మేడ్చల్ పరిసరములలో ఇటుకలు మోయు కూలితల్లికి ఆ సెలవు లేదు. బాలింతరాలు మూడవ నెలలోనే పనికి పోవుననుకొందము. ఆమె పిండియుంచిన పాలు మూతపెట్టిన శుభ్రమైన పాత్రలో, చల్లనిచోట, నాలుగు గంటలు నిలుచును. బిడ్డకు వానిని సీసాతో పట్టరాదు. సీసాను శుభ్రపరచుట కష్టము. అమ్మమ్మ అటకమీద దాచిన ఉగ్గుగిన్నెను దింపి, మరగకాచి, దానితోనే పట్టవచ్చును.