చుక్కలు టీచరు పెట్టాలి, ముగ్గు పిల్లలు వేయాలి

కొల్లేరు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా సరే, నాలుగో తరగతి పిల్లాడి చేతికి తెల్లకాగితం ఇచ్చి 'నీకిష్టమైన బొమ్మ వెయ్యి నాన్నా' అని చూడండి. చాలామంది వేసేది ఒకటే. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల్లోంచి జారే ఏరు, పక్కన పెంకుటిల్లు, ఇంటికో కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు.

తమాషా ఏమిటంటే ఆ ఊరి నుంచి చూస్తే కొండ అన్నదే కనపడదు! అంతా వరిచేలు, చేపల చెరువులు, బల్లపరుపు నేల. ఆ పిల్లాడు రోజూ చూసేవి తాటిదోనెలు, ఆరేసిన వలలు, చేపలు పట్టే మావులు, మేత బస్తాలు, ఐసు కొట్టి చేపలు నింపే లారీలు. ఆకాశంలోకి చూస్తే గూడకొంగలు, అదే పెలికాన్లు. ముక్కు కింద సంచి వేలాడేసుకుని ఎగిరే ఆ పక్షిని చూడటానికి హైదరాబాద్ నుంచి జనం కెమెరాలు భుజాన వేసుకుని కైకలూరు దగ్గరి ఆటపాకకు వస్తారు. మన పిల్లాడి బొమ్మలో మాత్రం దానికి చోటు లేదు.

ఎందుకంటే 'ఇష్టమైన బొమ్మ' అంటే బోర్డు మీద టీచరు గీసిన బొమ్మే అని వాడికి అర్థమైపోయింది. ఒకటో తరగతి నుంచీ జరుగుతున్నది అదే కదా. బోర్డు మీద మామిడిపండు వేస్తారు, నలభై మంది నలభై మామిడిపండ్లు వేస్తారు. పసుపు రంగు వేస్తే 'గుడ్', నీలం వేస్తే 'ఇదేంట్రా?' అన్నేళ్లూ ఇలా గడిచాక ఒకరోజు హఠాత్తుగా 'నీ ఇష్టం' అంటే పాపం వాడేం చేస్తాడు? కొండలే వేస్తాడు. ఇష్టపడటం కూడా అలవాటు చేయాల్సిన పనే.

గోదావరి గట్టున ఒక తెల్లదొర

ఈ మాట ఇవాళ కొత్తగా అంటున్నది కాదు. మన పక్కనే రాజమండ్రిలో, 1910ల్లోనే ఒక కాలేజీ ప్రిన్సిపాల్ దీన్ని చేసి చూపించారు. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లీషువాడు, తానూ బొమ్మలు వేసేవాడు. కుర్రాళ్లని గోదావరి గట్లకి తీసుకెళ్లి, మీ నదిని చూడండి, మీ మనుషుల్ని చూడండి, అవి గీయండి అని ప్రోత్సహించారు. ఆ కుర్రాళ్లలో ఒకరు దామెర్ల రామారావు. 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లి, తిరిగొచ్చి 1923లో రాజమండ్రిలోనే చిత్రకళా సమితి పెట్టారు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. మరో శిష్యుడు మన భీమవరం ప్రాంతంవాడే, అడివి బాపిరాజు.

వీళ్లు కాలేజీ కుర్రాళ్లు, చిన్నపిల్లల సంగతి వేరు అంటారా? వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన 1897లోనే చిన్నపిల్లల కోసం బొమ్మల క్లాసు తెరిచారు. పెద్దల బొమ్మల్ని చూసి దించడం కాకుండా, పిల్లలు తమ లోపలున్నది తామే గీసుకోవాలని ఆయన పట్టుదల. మన దేశంలో శాంతినికేతన్‌లో చదువుకున్న దేవీప్రసాద్, గాంధీగారి సేవాగ్రామ్ బడిలో ఏళ్ల తరబడి పిల్లలకి కళ నేర్పి, చదువుకి పునాదే కళ అంటూ పుస్తకం రాశారు. అమెరికాలో మాసచూసెట్స్ టీచర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇప్పుడు చాలా బడుల్లో నడుస్తోంది. అందులో పిల్లాడే చిత్రకారుడు, క్లాసు వాడి పనిచేసుకునే గది. ఏం చేయాలో వాడే నిర్ణయించుకుంటాడు.

వదిలేయడం కాదు

ఇక్కడే చాలామంది తికమకపడతారు. 'ఎంచుకోనివ్వడం' అంటే కాగితాలు పంచేసి, టీచరు రిజిస్టర్లు రాసుకోవడం కాదు. సంక్రాంతి ముగ్గు గుర్తు తెచ్చుకోండి. చుక్కలకి లెక్క ఉంటుంది. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకూ సందు చుక్క. ఆ లెక్క తప్పితే ముగ్గు రాదు. కానీ అవే చుక్కల మీద ఒకింట్లో తామరపూలు, పక్కింట్లో నెమళ్లు. క్లాసులో చుక్కలు పెట్టడం టీచరు పని. మిగతాది పిల్లలది.

మన ప్రాథమిక బడుల్లో బొమ్మల టీచరు ఉండరు. విద్యాహక్కు చట్టం (2009) కళలకి పార్ట్‌టైం టీచర్ని రాసింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమందికి మించి పిల్లలుంటేనే. కాబట్టి ఒకటి నుంచి ఐదు వరకూ లెక్కలు చెప్పే టీచరే బొమ్మలూ చూసుకోవాలి. ఆ టీచరుకి బొమ్మలు రాకపోయినా నడిచే పద్ధతి ఇది. నలభై నిమిషాల పీరియడ్‌ని ఇలా విడగొట్టండి.

మొదటి ఐదు నిమిషాలు: ఒకే ఒక్క కిటుకు చూపించాలి. పసుపూ నీలం కలిపితే ఆకుపచ్చ ఎలా వస్తుందో, కత్తెర లేకుండా కాగితాన్ని గీత వెంట ఎలా చింపాలో. బొమ్మ చూపించకూడదు, పని చూపించాలి.

తర్వాత అరగంట: పిల్లల పని. గదిలో మూడు మూలలు చాలు. ఒక మూల పెన్సిళ్లు, క్రేయాన్స్. రెండో మూల పాత పేపర్లు, శుభలేఖలు, జిగురు. మూడో మూల బంకమట్టి. మన చెరువుగట్ల మీద దానికి కొదవా? అయితే మూడూ ఒకే రోజు తెరిస్తే క్లాసు సంతే. మొదట పెన్సిళ్ల మూల, అది అలవాటయ్యాక కాగితాలు, ఆ తర్వాత మట్టి. మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లా ఒక్క ముక్క చెప్పాలి, 'ఇవాళ నేను ఇది చేస్తున్నా' అని. పని పూర్తికాకపోతే పేరు రాసిన కవర్లో పెట్టి పైవారం కొనసాగించొచ్చు.

చివరి ఐదు నిమిషాలు: సర్దుడు, మాట్లాడుడు. ఎవరి మూల వాళ్లే శుభ్రం చేయాలి. ఈలోగా ముగ్గురు తమ బొమ్మ గురించి చెప్పాలి. 'బాగుంది, బాలేదు' అని తీర్పులివ్వడం ఉండదు. 'ఇది ఎందుకు ఎంచుకున్నావు? ఎక్కడ ఇబ్బంది పడ్డావు? ఈసారి ఏం మారుస్తావు?' అని అడగాలి. మార్కులు వేయాల్సివస్తే ఈ మూడు జవాబులకే వేయండి.

టీచర్లకి వచ్చే అనుమానాలు

'స్వేచ్ఛ ఇస్తే అందరూ ఛోటా భీమ్ వేస్తారండీ!' నిజమే, మొదటి కొన్ని వారాలు భీమ్‌లే వస్తాయి. కంగారుపడొద్దు. తెలిసిన బొమ్మ వాళ్లకి ధైర్యం. తిట్టకుండా ఒక ప్రశ్న వేయండి. 'మీ భీమ్ కొల్లేరు వస్తే ఎక్కడ దిగుతాడు? ఏం తింటాడు?' అప్పుడు భీమ్ పక్కన దోనె వస్తుంది, చేపల పులుసు వస్తుంది. కొన్నాళ్లకి భీమ్ వెళ్లిపోయి దోనె మిగులుతుంది.

'నేర్పకుండా ఎలా వస్తుంది?' నేర్పొద్దని ఎవరన్నారు? ఎప్పుడు నేర్పాలన్నదే తేడా. దోనె వేస్తున్న పిల్ల 'మేడం, దోనె నీళ్లలో ఉన్నట్టు రావట్లేదు' అని తనే వచ్చి అడుగుతుంది. నీడ ఎలా పడుతుందో అప్పుడు చెప్పండి. అది జన్మలో మర్చిపోదు. అవసరం పుట్టకముందు అదే పాఠం నలభైమందికీ చెప్తే నోట్సులోనే ఉండిపోతుంది.

'కొందరు ఏమీ వేయకుండా కూర్చుంటారు.' అవును, ఉంటారు. వాళ్లకి 'నీ ఇష్టం' అన్న మాట పెద్ద బరువు. రెండిచ్చి ఒకటి ఎంచుకోమనండి. 'అమ్మ చేతులు వేస్తావా? ఇవాళ బడికొచ్చే దారిలో చూసింది వేస్తావా?' రెండింటిలో ఒకటి ఎంచుకోవడం వచ్చినవాడికి మెల్లగా పదింటిలో ఎంచుకోవడమూ వస్తుంది.

దీనివల్ల ఒరిగేదేమిటి?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. మా రంగంలోకి ఏటా వచ్చే కొత్తవాళ్లలో తెలివికి లోటుండదు. పని ఇదీ అని రాసిస్తే చకచకా చేసేస్తారు. 'నువ్వైతే ఏం చేస్తావు?' అని అడిగితే మాత్రం చాలామంది గొంతు పడిపోతుంది. వాళ్లకి బుర్ర లేక కాదు, పాతికేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగక.

చెప్పింది చెప్పినట్టు చేయడం తక్కువ పనేమీ కాదు. ఏలూరు తివాచీనే చూడండి. నమూనా ప్రకారం ఒక్కో ముడీ వేస్తూ పోతే తప్ప ఆ అందం రాదు. కానీ ఆ నమూనాని మొదట ఎవరో ఒకరు ఊహించి గీశారు కదా! ఆ పనికీ మన పిల్లలు కావాలి.

ఇంకో సంగతి దీనికన్నా ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్లన్నీ కొల్లేరు మీద పడ్డాయి. లంక గ్రామాల పిల్లలు రోడ్డెక్కిన నీళ్లని కళ్లారా చూశారు. అంత చూసి బడికొచ్చిన పిల్లకి బోర్డు మీద మామిడిపండు వేసిచ్చి దించమంటే, తను చూసింది ఎక్కడ చెప్పుకోవాలి? అంత భయాన్ని రాసి చెప్పడానికి ఎనిమిదేళ్లకి మాటలు చాలవు. బొమ్మకి ఆ ఇబ్బంది లేదు. తాడేపల్లిగూడెం పిల్లలకి చెప్పడానికి ఉల్లిపాయల మార్కెట్ ఉంది, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. ఏలూరు పిల్లలకి కృష్ణా నీళ్లూ గోదావరి నీళ్లూ కలిసే కాలువలున్నాయి. ఎవరి బొమ్మలో వాళ్ల ఊరు కనపడాలి.

2020 జాతీయ విద్యావిధానం కళల్ని మిగతా పాఠాలతో కలిపి నేర్పమంటోంది. శనివారాల్లో పుస్తకాల సంచి లేని బడి గురించీ మన రాష్ట్రంలో వింటూనే ఉన్నాం. సంచి లేని రోజు దీనికి సరిగ్గా సరిపోతుంది. పెద్ద ఖర్చేమీ లేదు. పాత పేపర్లు, పెన్సిల్ ముక్కలు, గుప్పెడు మట్టి, టీచరుకి కాస్త ఓపిక ఉంటే చాలు.

అమ్మానాన్నలకీ ఒక మాట. ఈసారి మీ అమ్మాయి బొమ్మ తెచ్చి చూపిస్తే, 'ఎంత బాగుందో' అనేసి ఫోన్లోకి వెళ్లిపోకండి. 'ఇదెక్కడ చూశావమ్మా?' అని అడగండి. తర్వాత పది నిమిషాలు తనే మాట్లాడుతుంది.