కొండ సరస్సులో ట్రౌట్ వేట

కశ్మీర్‌లోని సోనామర్గ్ నుంచి కాలినడకన పైకి సాగితే విషన్‌సర్, కృషన్‌సర్ అనే జంట సరస్సులు ఎదురవుతాయి. సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చల్లని నీటిలో బ్రౌన్ ట్రౌట్ చేప నివసిస్తున్నది. అది ఆ నేలకు సహజమైనది కాదు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి గుడ్లను తెప్పించి కశ్మీర్‌లో పెంపకం ప్రారంభించారు.

దీనిని పట్టే ప్రసిద్ధ పద్ధతి ఫ్లై ఫిషింగ్. ఇందులో వానపాము ఎర ఉండదు. చిన్న గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగు రూపం కల్పిస్తారు. ఆ పురుగుకు బరువు దాదాపు శూన్యం. దానిని దూరానికి చేర్చేది లావుపాటి దారపు బరువే. చేపకు అనుమానం రాకుండా చివర అతి సన్నని దారం కడతారు.

ఏటిలో ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా నిలిచి, కొట్టుకువచ్చే ఆహారం కోసం కాచుకుంటుంది. సరస్సులో ప్రవాహం ఉండదు గనుక తానే ఆహారాన్ని వెదుకుతూ తిరుగుతుంది. కాబట్టి వాగు వచ్చి కలిసే చోటును, లోతు హఠాత్తుగా పెరిగే అంచును, గాలి పురుగులను తోసుకొచ్చే ఒడ్డును ముందుగా గమనించాలి. ఉదయ సాయంకాలాలు అనుకూలమైనవి. నిర్మలమైన నీటిలో మన నీడ పడినా చేప బెదిరిపోతుంది. అందుచేత ఒడ్డుకు దూరంగా, వంగి నిలవాలి.

చేప కనిపిస్తే దానిపైన కాక, అది వెళ్లే దారిలో కొన్ని అడుగుల ముందు గాలం వేయాలి. కనిపించకపోతే మునిగే పురుగును వేసి, పది, ఇరవై, ముప్పై అంకెలు లెక్కించి, ఒక్కొక్క లోతును పరీక్షిస్తూ మెల్లగా లాగాలి. పట్టు తగిలినప్పుడు కర్రను గుంజరాదు. మృదువుగా ఎత్తితే చాలు.

అక్కడ వేసవి స్వల్పకాలం. చేప నిదానంగా పెరుగుతుంది. నేడు విచక్షణ లేకుండా పడితే రేపటికి సరస్సు ఖాళీ అవుతుంది. మత్స్యశాఖ అనుమతి పొంది, తినడానికి కావలసినంతే పట్టడం న్యాయం. పట్టిన దానిని వెంటనే చంపాలి, కొసప్రాణంతో వదిలిపెట్టరాదు. చిన్నదైతే చేతులు తడుపుకొని, శరీరంపై జిగురుపొర చెదరకుండా నీటిలోనే విడవాలి. విడిచిపెడుతున్నాం కదా అని వినోదానికే రోజంతా జీవులను గాలానికి గుచ్చడాన్ని మేము మెచ్చలేము. వేట ఆకలి కోసమే గాని, వేడుక కోసం కాదు.