మిర్చి కోతకు వెళ్లిన ఇల్లు ఏ లెక్కలోకి వస్తుంది?

సంక్రాంతి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దోర్నపాల్ చుట్టుపక్కల పల్లెల నుంచి కూలీలు కోంటా, చింతూరు మీదుగా భద్రాచలం వైపు బయల్దేరతారు. ఖమ్మం, ములుగు ప్రాంతాల మిర్చి తోటల్లో కోతలకు బస్తర్ ఆదివాసీలు రావడం తెలుగువారికి కొత్తేమీ కాదు. వాళ్ల సొంతూళ్లలో పని ఎంత దొరుకుతోందన్నది గణాంకాల్లో వెతికితే మాత్రం జవాబు అంత సులువుగా చిక్కదు.

జాతీయ గణాంక కార్యాలయం 2023-24 శ్రామిక శక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) ప్రకారం దేశంలో గ్రామీణ నిరుద్యోగ రేటు 2.5 శాతమే. అంకె తప్పని కాదు, దాని వెనకున్న నిర్వచనం చూడాలి. ఈ రేటుకు వాడే ‘సాధారణ స్థితి’ పద్ధతిలో ఏడాదిలో 30 రోజులు అనుబంధంగా పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. ‘వారపు స్థితి’లోనైతే గడిచిన 7 రోజుల్లో ఒక గంట పని చాలు. పస్తులుండలేక దొరికిన పనల్లా చేసేవారు నిరుద్యోగుల ఖాతాలో ఎలా పడతారు?

ఉదాహరణకు ఒక మహిళ రెండు నెలలు మిర్చి కోసి, తిరిగొచ్చి ఇప్పపువ్వు ఏరి, మే నెలలో తునికాకు సేకరించి, వానాకాలంలో కాస్త వరి పని చేసింది అనుకుందాం. అన్నీ కలిపి 150 రోజులు. పీఎల్ఎఫ్ఎస్‌కు ఆమె ఉపాధి ఉన్న మనిషి. ఏడాదికి 6 నెలల పనిని గీతగా పెట్టుకున్న 2011 జనగణనకు మాత్రం ఉపాంత కార్మికురాలు. పైగా ఆ జనగణనలో సుక్మా అన్న జిల్లాయే కనబడదు. 2012లో ఏర్పడింది కాబట్టి, అక్కడి అంకెలు దంతెవాడలో కలిసిపోయి ఉన్నాయి.

ఉపాధి హామీ రికార్డులు పంచాయతీ స్థాయి దాకా దొరుకుతాయి, అది పెద్ద సౌకర్యం. అయితే 2005 నాటి చట్టం కింద పని అడిగినవారే ‘డిమాండ్’. తెలంగాణకు వెళ్లిపోయిన కుటుంబం అడగదు. కూలి డబ్బు ఆలస్యమైనా, బ్యాంకు దూరమైనా అడిగేవాళ్లు తగ్గుతారు. తక్కువ డిమాండ్‌ను పని అక్కర్లేదన్నట్టుగా చదవడం అధికారుల నివేదికల్లోనూ, మన పత్రికల్లోనూ జరిగే పొరపాటే.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, తెలంగాణ మిర్చి తోటల నుంచి పక్కనున్న బీజాపూర్ జిల్లాలోని ఇంటికి నడిచి వెళ్తూ 12 ఏళ్ల ఆదివాసీ బాలిక చనిపోయింది. ప్రధానంగా చెప్పుకునే రేట్లు 15 ఏళ్లు, ఆ పైవాళ్లవి. ఆమె చేసిన పని వాటిలో ఉండదు.

2024 దాకా సర్వేకు ఏడాదికి సుమారు లక్ష కుటుంబాలే నమూనా కాబట్టి, దోర్నపాల్ లాంటి చోటు గురించి విడిగా ఏదీ చెప్పలేకపోయేది. ఎంపికైన ఇంటివాళ్లు ఊళ్లో లేకపోతే బదులుగా మరో ఇంటిని తీసుకునే వీలూ ఉంది. మిర్చి కోతల కాలంలో బదులుకు దొరికేది వలస వెళ్లని ఇల్లే కదా. 2025 జనవరి నుంచి జిల్లాను ప్రాతిపదికగా తీసుకుని నమూనా ఎంచుతున్నారు. గ్రామాల్లోనూ ఒకే ఇంటికి వరుసగా 4 నెలలు వెళ్తున్నారు. డిసెంబరులో మనుషులున్న ఇల్లు ఫిబ్రవరికి ఖాళీ అయితే ఆ మార్పు కనబడే అవకాశం ఇప్పుడు ఉంది, ఖాళీ ఇళ్ల లెక్కను కూడా విడిగా ప్రచురిస్తే.