వెంటపడింది వాడైతే చదువు మానాల్సింది పాపా?

అపోహ: “వాడు ముట్టుకోలేదు కదా, కేసెట్లవుతుంది? పట్టించుకోకుంటే వాడే మానేస్తాడు.”

పేరేసంద్ర నుంచి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి కాలేజీలకు బస్సెక్కే పిల్లల ఇళ్ళలో ఈ మాట చేసే చేటు ఇంతా అంతా కాదు. దీన్ని నమ్మి ఊరుకుంటారు. వాడు మానడు. చివరికి పాపకే చదువు మాన్పించి, తొందరపడి పెళ్ళి చేసేస్తారు.

వాస్తవం: ముట్టుకోనక్కర్లేదు. ఇష్టం లేదని తేల్చి చెప్పాక కూడా మళ్ళీమళ్ళీ వెంటపడి పలకరించబోవడమే నేరం. ఫోన్లో, ఇంటర్నెట్‌లో అమ్మాయి ఏం చేస్తోందో నిఘా వేయడమూ నేరమే. ఈ నేరం 2013లో భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 354డి సెక్షనుగా చేరింది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. మొదటిసారి మూడేళ్ళ దాకా జైలు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా.

ఇక వాడే మానేస్తాడా? 2021 ఆగస్టు 15న గుంటూరులో ఇంజనీరింగ్ చదివే అమ్మాయిని వెంటపడి వేధించినవాడొకడు పట్టపగలు నడివీధిలో పొడిచి చంపాడు. 2024 మే 15న మన హుబ్బళ్ళిలో ఇంకొకడు తెల్లవారుజామున ఇంట్లోకే వచ్చి ఒక అమ్మాయిని చంపాడు. ఇంకా ఎన్నాళ్ళు ఊరుకోమంటారు?

అపోహ: “పోలీసులకు చెప్తే వాడు ఇంకా రెచ్చిపోతాడు.”

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. మొదటిసారి పెట్టిన కేసులో వాడికి బెయిలు దొరుకుతుంది. హుబ్బళ్ళిలో బెదిరింపుల గురించి ముందే చెప్పినా పట్టించుకోలేదన్న ఆరోపణపై ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. అందుకని ఫిర్యాదు మానకూడదు. ఇచ్చిన రోజు నుంచి పాపను ఒంటరిగా వదలకూడదు.

ఇంకా వినబడే మాటలు. “పాపే నవ్వుంటుంది”: నవ్వితే ఒప్పుకున్నట్టు కాదు. “ఒకప్పుడు మాట్లాడింది కదా”: ఇప్పుడు వద్దంది, అంతే. “సినిమాల్లో చివరికి ఒప్పుకుంటుంది”: అది కథ, ఇది ఒక పిల్ల బతుకు.

మరి ఏం చేయాలి? వద్దని ఒక్కసారి స్పష్టంగా మెసేజ్ పెట్టాలి, ఆపైన జవాబివ్వకూడదు. వాడి మెసేజ్‌లు తుడిచేయొద్దు. ఎప్పుడు, ఎక్కడ వెంటపడ్డాడో రాసిపెట్టుకోవాలి. ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్‌గా రాసుకోవాలి. తీసుకోకుంటే జిల్లా ఎస్పీకి రాసి పంపండి. అపాయముంటే 112, మహిళా సహాయవాణి 181, ఉచిత న్యాయసాయం 15100. ఉచిత వకీలుకు ఆడవాళ్ళ ఆదాయంతో పనిలేదు.

అమ్మానాన్నలు పాప ఫోను లాక్కోకండి. సాక్ష్యం అందులోనే ఉంది. పైగా లాక్కుంటే ఇంకోసారి మీకు చెప్పే ధైర్యం ఆమెకు ఉండదు. కండక్టరుకు, కాలేజీ ప్రిన్సిపాలుకు మీరే చెప్పండి. కొన్నాళ్ళు ఇంట్లో ఎవరో ఒకరు తోడెళ్ళండి. కాలేజీ మాత్రం మాన్పించకండి.