గుగ్గులు కొవ్వును కరిగిస్తుందా?

రాజస్థాన్, గుజరాత్ మెట్ట నేలల్లో పెరిగే ముళ్లపొద గుగ్గులు. కాండానికి గాటు పెడితే పసుపు జిగురు కారి, గాలి తగిలి గడ్డకడుతుంది. ఆయుర్వేదం కొవ్వు జబ్బులకు వాడమన్నది దాన్నే. 1966లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్లకు పెట్టి చూస్తే కొలెస్ట్రాల్ తగ్గింది.

అమెరికాలో కథ అడ్డం తిరిగింది. 103 మందిపై ఎనిమిది వారాలు జరిపిన పరీక్ష ఫలితాలు 2003లో వెలువడ్డాయి. గుగ్గులు సారం మింగినవారిలో చెడు కొలెస్ట్రాల్ నాలుగైదు శాతం పెరిగింది! కొందరికి దద్దుర్లు అదనం.

అలాగని మొక్కలు మంచి మందులకు దారి చూపవని కాదు. మానసిక వ్యాధికిచ్చే ఒలాంజపిన్‌తో ఒళ్లొచ్చేవారికి డాక్టర్లు తరచూ రాసేది మెట్‌ఫార్మిన్, మనకు తెలిసిన షుగరు బిళ్లే. దాని పుట్టుకకూ గలేగా అనే యూరప్ మొక్కే దారి చూపింది. ఆ మొక్కను నేరుగా మేస్తే మాత్రం గొర్రెల ప్రాణాలకే ముప్పు.