కారు వెనుక బ్రేకులు – సెరామిక్కు మాట



వ్యాకరణము చదివి, బడిపిల్లలకుఁ బాఠములు చెప్పి కాలము గడపిన నేను కారు బ్రేకులఁగూర్చి ప్రసంగించుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. దీనికిఁ గారణము గత సంక్రాంతినాఁడు మా వాకిట జరిగిన యొక సంగతి.

మా మేనల్లుఁడు పట్టణమునుండి కారులో వచ్చెను. వెనుక చక్రములు కీచుమని యఱచుచుండుటచే దగ్గఱ బస్తీనుండి యొక మెకానిక్కును పిలిపించి బ్రేకు ప్యాడ్లు మార్పించెను. పని గంటలో ముగిసెను. మెకానిక్కు డబ్బు పుచ్చుకొని వెడలెను. మేనల్లుఁడు కారును నడుపుకొనుచు వీధిమలుపు చేరి బ్రేకు త్రొక్కెను. పెడలు అడ్డులేక క్రిందికి దిగిపోయెను, కారు నిలువలేదు. ఎదుట పిల్లలు గాలిపటము లెగురవేయుచుండిరి. ప్రక్కనే గడ్డివామి యుండుటచే వాఁడు కారును దానిలోనికిఁ ద్రిప్పెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. క్రొత్త ప్యాడ్లు వేసిన కారు నిలువకపోవు టేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను తెలిసికొన్న విషయమును మీకు మనవి చేయుదును.

చక్రముతోఁ గలిసి తిరుగు పళ్లెమునకు డిస్కు అని పేరు. ఇట్టి బ్రేకునకు 1902లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ లాంచెస్టరు పేటెంటు పొందెను. డిస్కునకు ఇరుప్రక్కల రెండు ప్యాడ్లుండును. వానిని పట్టియుండు భాగము క్యాలిపరు. దానిలోఁ గదలునది పిస్టను. మనము పెడలు త్రొక్కఁగా గొట్టములలోని బ్రేకు ఆయిలు పిస్టనును నెట్టును. పిస్టను ప్యాడ్లను డిస్కునకు అదుమును. ఆ రాపిడిచేఁ గారు వేగము వేఁడిమిగా మాఱును. ప్యాడ్లు అఱిగినకొలఁది పిస్టను ముందునకు జరుగుచుండును. కాఁబట్టి దళసరియైన క్రొత్త ప్యాడ్లు పట్టవలెనన్న పిస్టనును వెనుకకుఁ ద్రోయవలెను. ఈ ముక్క జ్ఞప్తియందుంచుకొనుఁడు.

ఇఁక సెరామిక్కు మాట. శాస్త్రములలో సైంధవ శబ్దమును దృష్టాంతముగాఁ జెప్పుదురు. భోజనమువేళ సైంధవము తెమ్మన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమువేళ నన్నచో గుఱ్ఱమును తేవలెను. సెరామిక్కు శబ్దముకూడ నట్టిదే. గ్రీకు భాషలోఁ గెరమోస్ అనఁగాఁ గుమ్మరిమన్ను. ఈ మాట దానినుండి పుట్టినది. అయితే కారు విషయమున దీనికి రెండర్థములు కలవు.

మొదటి యర్థము సెరామిక్కు ప్యాడు. రాపిడి పదార్థమున సెరామిక్కు నారలు కలిపి దీనిని జేయుదురు, డిస్కుమాత్రము పోతయినుమే. ధూళియు ధ్వనియుఁ దక్కువగుటచే సామాన్యపు కార్లకును దీనిని వేయుదురు. రెండవ యర్థము సెరామిక్కు డిస్కు. ఇందులోఁ గర్బనపు నారలును సిలికాన్ కార్బైడును ఉండును. జర్మనీదేశపు పోర్షే కంపెనీ 2001లోఁ దన 911 జీటీ2 కారునకు దీనిని అమర్చెను. బరువు ఇనుప డిస్కులో ఇంచుమించు సగము. వెల మిక్కిలి హెచ్చు. కాల్చిన కుండ నిప్పునకు జంకదు గాని దెబ్బకు జంకును గదా! ఈ డిస్కు గుణము నట్టిదే. చక్రము తీయునపుడు దాని యంచునకుఁ దాఁకినచోఁ బెచ్చులూడవచ్చును. అందుచే ముందుగా నొక బోల్టు తీసి, ఆ చోటఁ బొడవైన కడ్డీ బిగించి, దాని యూఁతతోఁ జక్రమును మెల్లఁగా వెలికిఁ దీయుదురు. ఇనుప డిస్కుల కొఱకుఁ జేసిన ప్యాడ్లు దీనికి వేయరాదు. కావున ప్యాడ్లు కొనుటకు ముందే ఏది సెరామిక్కో తేల్చుకొనవలెను.

వెనుక బ్రేకులకు వేఱొక చిక్కు కలదు. పెక్కు కార్లలో హ్యాండుబ్రేకు వెనుక క్యాలిపరులోనే యుండును. తీఁగతో లాగు పద్ధతియైనచో తఱచుగాఁ బిస్టనును త్రిప్పుచు లోనికి నెట్టవలెను. లోపల మర యుండును. మీట నొక్కఁగాఁ జిన్న మోటారుచేఁ బనిచేయు పద్ధతియైనచో, కంపెనీవారు చెప్పిన క్రమమున, తఱచుగాఁ బరీక్షాయంత్రమును తగిలించి, మోటారును వెనుకకు మరలింపవలెను. ఈ రెంటిని ఎఱుఁగక బలముతో నెట్టినచో లోపలి మర చెడును.

పని చేయు క్రమ మిది. కారును చదునైన నేలపై నిలిపి, ముందు చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. ఒక్క జాకీనే నమ్మక స్టాండ్లు పెట్టవలెను. ప్యాడ్లు కుడియెడమలు రెంటికిని ఒకేసారి మార్చవలెను. సుమారు 3 మిల్లీమీటర్ల మందము మిగిలినపుడే మార్పించుట మేలు. విప్పిన క్యాలిపరును రబ్బరు గొట్టమున వ్రేలాడనీయక తీఁగతోఁ గట్టవలెను. పిస్టను లోనికిఁ బోవుకొలఁది డబ్బాలో ఆయిలు పైకి వచ్చును. అది పొర్లి పడినచో రంగును చెఱచును. క్యాలిపరు జారు పిన్నులను శుభ్రముచేసి తగిన గ్రీజు పూయవలెను. ప్యాడు ముఖమునకు గ్రీజు సోఁకరాదు. ధూళిని నోటితో ఊదరాదు. పూర్వపు ప్యాడ్లలో ఊపిరితిత్తులకుఁ గీడుచేయు ఆస్బెస్టాసు వాడెడివారు. నట్లను కంపెనీవారు చెప్పిన బిగువునకే టార్కు రెంచితో బిగింపవలెను.

ఆయిలు సంగతియుఁ జూడవలెను. అది గాలిలోని తేమను పీల్చును. డాట్ 4 రకపు క్రొత్త ఆయిలు 230 డిగ్రీల సెంటీగ్రేడు లోపల మరగరాదనియు, తేమ పీల్చినదియైనను 155 డిగ్రీల లోపల మరగరాదనియు నియమము. మరగినచో గొట్టములో ఆవిరి పుట్టి పెడలు మెత్తఁబడును. కాఁబట్టి సామాన్యముగా రెండేండ్ల కొకసారి మార్పింతురు.

చివరిపని యన్నిటికంటె ముఖ్యము. పిస్టనును వెనుకకుఁ ద్రోసినందున దానికిని ప్యాడునకును నడుమ సందు ఏర్పడును. మొదటి త్రొక్కుడులు ఆ సందును పూరించుటకే సరిపోవును. డిస్కునకు పట్టు దొరకదు. కావునఁ గారు కదలింపక ముందే పెడలు గట్టిపడువఱకు పలుమాఱులు త్రొక్కి, ఆయిలు మట్టము చూచి, ఆ పిమ్మట మెల్లఁగాఁ గదలించి పరీక్షింపవలెను. మా మెకానిక్కు ఈ పని చేయక వెడలెను. మా మేనల్లుఁడును చేయలేదు. అరనిమిషపు పని లోపింపఁగా వీధిలోని పిల్లల ప్రాణములు గడ్డివామి దయపైఁ బడెను.

పెద్దలారా! కారు నడుపువారు మీ కుమారులు, మనుమలు. అయినను మీ వాకిట నీ పని జరుగునపుడు మూఁడు ప్రశ్న లడుగుఁడు. సెరామిక్కు ప్యాడా, డిస్కా? పిస్టనును త్రిప్పవలెనా, యంత్రముచే మరలింపవలెనా? పెడలు గట్టిపడెనా? మూఁడవ ప్రశ్నకు జవాబు వినువఱకుఁ గారు నెదుట నెవరిని నిలువనీయకుఁడు.